తిరగేసిన నీలం చొక్కా

1994 జూన్ ఆరవ తేదీ ఉదయం, గోడల రంగు వాసన ఇంకా పోని మా వస్త్ర దుకాణంలో సేల్స్ ఉద్యోగినిగా అడుగుపెట్టిన, మేమంతా ప్రేమగా పిలుచుకునే మా అక్కయ్యగారు, నేడు సొంత బ్రాండు విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. ఇన్నేళ్లూ పక్క కౌంటరులో బిల్లులు కొట్టిన నాకు ఈ అభినందన రాసే భాగ్యం దక్కింది. "నా గురించి మరీ కోతలు కోయకు" అని ఆవిడ ముందే హెచ్చరించారు కూడా!

తొలినాళ్లలో, పై అంతస్తులో మా దర్జీలు కుట్టే సొంత బ్రాండు దుస్తులకు ఆదరణ అంతంత మాత్రమే. కొనుగోలుదారులు గుడ్డను నిమిరేవారు, అద్దం ముందు భుజానికి ఆనించుకుని మురిసేవారు, కాలరు లోపల మా దుకాణం పేరు కనబడగానే "ఓ, మీదేనా!" అని పెదవి విరిచి కొక్కేనికి తగిలించేవారు. అదే గుడ్డకు పెద్ద కంపెనీ పేరుంటే కళ్లకద్దుకునేవారే! విభాగ బాధ్యతలు స్వీకరించిన రోజే అక్కయ్యగారు చొక్కాలన్నింటినీ తిరగేసి వేలాడదీయించారు. "ఇదేంటండీ, లోపలి వైపు పెట్టారు?" అన్నవారికి, "ముందు కుట్లు చూడండి. పేరు తర్వాత చూద్దురుగాని" అని బదులిచ్చేవారు. కొందరు కొన్నారు, చాలామంది నవ్వి వెళ్లిపోయారు.

అమ్మకాలు పుంజుకోకపోవడంతో విభాగాన్ని ఎత్తివేసి, దర్జీలందరినీ ఇంటికి పంపించాలని యజమాని నిశ్చయించారు. ఆఖరి మాట చెప్పడానికి ఆయన వచ్చిన ఉదయం, నిత్యం తిరగేసిన బట్టల మధ్యే మసలే అక్కయ్యగారు కంగారులో తమ నీలం చొక్కాను కూడా తిరగేసే తొడుక్కుని వచ్చేశారు! మెడ వెనుక మా దుకాణం పేరు తెల్లగా కనబడుతోంది. నేను సైగలు చేస్తుండగానే, ఎప్పుడూ కంపెనీ సరుకే కొనే ఒక టీచరుగారు ఆమె వెనుక ఆగారు.

"ఏమండీ, మీరు తరచూ వేసుకొచ్చే నీలం చొక్కా ఇదే కదూ? ఎక్కడ కొన్నారో అడగాలని ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నా. ఇది ఇక్కడిదేనా?"

అక్కయ్యగారు మెడ తడుముకుని నాలుక కరుచుకున్నారు. "అయ్యో, నా మతిమండా! ఇక్కడిదేనండీ. ఏడాదిగా ఉతుకుతున్నా, ఒక్క కుట్టు ఊడితే ఒట్టు!"

టీచరుగారు అక్కడికక్కడే రెండు కొన్నారు. మర్నాడు తోటి టీచర్లను వెంటబెట్టుకుని వచ్చారు. అంతా కళ్లారా చూసిన యజమాని "సరే, ఇంకో సీజను చూద్దాం" అన్నారు. ఆ సీజను నేటికీ ముగియలేదు, మిషన్ల చప్పుడూ ఆగలేదు.

రేపటి నుంచి పక్క కౌంటరులో ఆమె కనబడరంటే నాకు దిగులుగానే ఉంది. నాడు కొలువు నిలిచిన ఆ దర్జీలే అక్కయ్యగారికి కానుకగా ఒక నీలం చొక్కా కుట్టారు. దానికి లోపలి వైపంటూ లేదు. రెండు వైపులా ఒకే నునుపు, మెడకు లోపలా బయటా మా దుకాణం పేరు. "ఇంక ఎంత కంగారున్నా పర్లేదక్కా, ఎటు తొడుక్కున్నా సరైన వైపే!" అన్నారు పెద్ద దర్జీ, కళ్లు తుడుచుకుంటూ.

ఆ చొక్కా అరిగితే మరొకటి, అదీ అరిగితే ఇంకొకటి కుట్టించుకోవడానికి మా పై అంతస్తు మెట్లు తమ కాళ్లతో తామే ఎక్కి వచ్చేంత ఆరోగ్యంతో, అలా ఎన్నో చొక్కాలు అరగదీసేంత ఆయుష్షుతో, అక్కయ్యగారు కుటుంబ సమేతంగా కలకాలం వర్ధిల్లాలని మా అందరి ఆకాంక్ష.