కూల్చాల్సిన ఆఫీసులో అత్తగారు

ఖాళీ చేసి, కూల్చివేతకు సిద్ధం చేసిన పాత మున్సిపల్ ఆఫీసు. విచారణ కౌంటర్ వెనక కుర్చీలో ఒక పెద్దావిడ. కౌంటర్ ముందు ఆమె అల్లుడు, మున్సిపల్ ఇంజనీరు. అతని వెనక జనం.

“లేచి అటు రావడం తర్వాత సంగతి బాబూ, ముందు మీరు పక్కకి జరగండి. వెనకావిడ నాకు కనబడటం లేదు.”

“అత్తయ్యా, నేను వరుసలో లేను.”

“అదే అంటున్నాను. వరుసలో లేనివాళ్లు పక్కన నిలబడాలి. చెప్పమ్మా, మీ వీధి దీపం వెలిగిందా?”

“వెలిగిందండీ. ఇప్పుడు పగలు కూడా ఆరడం లేదు.”

“ఆరిపోయేలా చెప్తాను. సాయంత్రం చూసుకోండి.”

“ఎవరికి చెప్తారత్తయ్యా?”

“కరెంటు అబ్బాయికి. వాళ్లమ్మా నేనూ బళ్లో ఒకే బెంచీ.”

“మీరు మున్సిపాలిటీ కాదు.”

“నేనెప్పుడన్నాను అవునని? మూడుసార్లు వార్డుకి నిలబడ్డాను, మూడుసార్లూ ఓడిపోయాను. ఆఖరిసారి మీరు కూడా నాకు వెయ్యలేదు.”

“వేశానత్తయ్యా.”

“మన బూత్‌లో నాకు పడింది ఒకటే ఓటు బాబూ. అది నాది.”

“మరి మీ అమ్మాయి?”

“దాని సంగతి దాంతో తేల్చుకున్నాను. మీరు అల్లుడుగారు, అడగలేకపోయాను.”

“అది కాదు. అసలు మీరిక్కడ ఎందుకు కూర్చున్నారు?”

“మోకాళ్లు నొప్పెట్టి. కూల్చేస్తున్నారంటే, ఓసారి చూసి పోదామని వచ్చాను. కుర్చీ ఖాళీగా ఉంది. అలా కూలబడ్డానో లేదో ఎవరో వచ్చి కుళాయి రావట్లేదన్నాడు. నాకు తెలీదు నాయనా అంటే ఏం బాగుంటుంది? ఫోన్ చేశాను. నీళ్లొచ్చాయి. మర్నాడు వాళ్ల వీధి వీధంతా వచ్చింది.”

“కొత్త ఆఫీసుకి పంపించాలి కదా.”

“పంపాను. అక్కడ అద్దం తలుపు దానంతటదే తెరుచుకోవాలట. తెరుచుకోలేదట. మళ్లీ ఇక్కడికే వచ్చారు.”

“దాన్ని బాగు చేయిస్తున్నాం.”

“చేయించండి. తొందరేముంది.”

“ఆ మూల కూర్చున్నది... జనన ధ్రువపత్రాల గుమాస్తా కాదూ?”

“అతనే.”

“ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టాడే.”

“అవును పాపం. సెలవు పెట్టి ఇక్కడికొచ్చి పని చేసుకుంటున్నాడు. అక్కడి ఏసీకి తలనొప్పట. ఇక్కడ గాలి బాగుందన్నాడు.”

“గాలా? ఈ హాల్లో ఊపిరాడక చచ్చేవాళ్లం మేము.”

“ఈ ఆఫీసు కట్టినాయన గాలి కోసమే గోడ నిండా కన్నాలు పెట్టి కట్టాడు. మీవాళ్లు వాటి మీద ప్లైవుడ్ కొట్టి క్యాలెండర్లు తగిలించారు. మొన్న వడ్రంగి ఒకాయన వాళ్లమ్మ పింఛను పని మీద వస్తే, ఊరికే కూర్చున్నావు కదా, ఇవి కాస్త ఊడదియ్యమన్నాను.”

“ఈ నేల కూడా... ఇది ఈ రంగు కాదే.”

“ఇదే రంగు. మీరు ఇన్నాళ్లూ జిడ్డు మీద నడిచారు. వరుసలో ఊరికే నిలబడటం ఎందుకని వీళ్లకి తలా ఒక గుడ్డ ఇచ్చాను.”

“ప్రభుత్వ కట్టడాన్ని అనుమతి లేకుండా కడగకూడదత్తయ్యా.”

“పడగొట్టొచ్చా?”

“దానికి అనుమతి ఉంది.”

“మా నాన్న ఉంటే మిమ్మల్ని మెచ్చుకునేవాడు. ఇది కూల్చెయ్యాలని ఊరేగింపు తీశాడాయన.”

“ఎప్పుడు?”

“కడుతున్నప్పుడే. గుమ్మటం లేదు, లావుపాటి స్తంభాలు లేవు, తిరగేసిన గొడుగులాంటి కప్పూ, పుల్లల్లాంటి కాళ్లూ. ఇది ఆఫీసా బస్టాండా అని ఊరంతా నవ్వింది. మొదటి వానకే కూలుతుందన్నాడు మా నాన్న. వాన పడినప్పుడల్లా నన్ను వెంటేసుకొచ్చి, ఎదురుగా గొడుగు పట్టుకుని నిలబడేవాడు. కూలితే చూద్దామని.”

“కూలలేదు.”

“ఆయన గొడుగే విరిగింది, ఒక గాలివానకి. ఇద్దరం పరిగెత్తుకొచ్చి ఈ వసారాలోనే దూరాం. కప్పు మీది నీళ్లన్నీ మధ్యకొచ్చి స్తంభం లోపల్నుంచి దిగిపోతాయి కదా, ఆయన ఆ స్తంభానికి చెవి ఆనించి విన్నాడు. చాలాసేపు విన్నాడు. నన్నూ వినమన్నాడు. ఆ తర్వాత ఊరేగింపులు మానేశాడు. ఎందుకు మానేశావని ఎవరడిగినా మాట మార్చేసేవాడు.”

“అత్తయ్యా, కూల్చడానికి తెచ్చాం, బయట ఆ యంత్రం...”

“చూశాను. దాని డ్రైవర్ ఈ వరుసలోనే ఉన్నాడు.”

“ఏమయ్యా, పొద్దుట్నుంచీ ఫోన్ చేస్తుంటే ఎత్తవేం? ఇక్కడేం చేస్తున్నావు?”

“మా సందులో మురిక్కాలువ పొంగుతోంది సార్. మీ ఆఫీసుకి చాలాసార్లు వచ్చాను.”

“ఇలా రా, నీతో మాట్లాడాలి.”

“ఇద్దరి తర్వాత నేనే సార్. ఇప్పుడు కదిలితే వరుస పోతుంది.”

“వదిలెయ్యండి బాబూ. ముందు అతని పని కానివ్వండి, తర్వాత మీ పని. మీ ఉద్యోగం మీరు చెయ్యాలి, నాకు తెలీదా? నా కూతురి కాపురం ఆ జీతం మీదే ఉంది. నన్ను కుర్చీతో సహా ఎత్తి బయట పెట్టండి, ఏమీ అనుకోను. కానీ మీరే ఎత్తాలి. వేరేవాళ్లు చెయ్యి వేస్తే ఒప్పుకోను.”

“నేను అందుకు రాలేదత్తయ్యా.”

“మరి ఆ యంత్రం?”

“అది నిన్నటి ఆర్డరు.”

“ఇవాళ్టి ఆర్డరు ఏంటి?”

“అందుకే మిమ్మల్ని కాస్త పక్కకి రమ్మన్నాను. అందరి ముందూ చెప్పేది కాదు.”

“వీళ్ల దగ్గర దాచేదేముంది? వీళ్లు వాళ్ల ఇంటి మరుగుదొడ్ల సంగతే నాకు అందరి ముందూ చెప్తున్నారు.”

“రేపు పైనుంచి తనిఖీకి వస్తున్నారు. కొత్త ఆఫీసులో జనం ఒక్కరు లేరు. జనమే రాని చోట ఇంత ఆఫీసు, ఇంతమంది సిబ్బంది ఎందుకని ఎత్తేస్తారేమోనని కమిషనర్‌గారికి బెంగ.”

“అయితే? వీళ్లందర్నీ అక్కడికి తోలుకెళ్తారా?”

“అడిగి చూశాం. రామన్నారు. అందుకని...”

“నసగకండి బాబూ, వెనక జనం ఉన్నారు.”

“ఆ జనం చివర నిలబడింది కమిషనర్‌గారే అత్తయ్యా. మా అందరికీ ఇక్కడే, ఈ పైఅంతస్తులో కాస్త చోటిస్తారేమో, మిమ్మల్ని అడగమన్నారు.”