ఖాళీ తుపాకీ

ఆపరేషన్ గది బయట ఇద్దరు పట్టే బల్ల ఉంది. నగల దుకాణం కాపలాదారుకి మాత్రం కూర్చోబుద్ధి కాక నిలబడే ఉన్నాడు. లోపల ఉన్నది అతని ఐదేళ్ల కొడుకు. బిడ్డకి దెబ్బ తగిలినప్పుడు ఇంట్లో లేని భార్య, ఆస్పత్రికొచ్చి, కూతుర్ని తన చెల్లెలింట్లో దింపి ఇప్పుడే తిరిగొచ్చింది.

"మళ్లీ చెప్పండి."

"ఎన్నిసార్లు చెప్పాలి? డ్యూటీ నుంచి వచ్చాను. తుపాకీ మంచం మీద పెట్టాను. కాళ్లు కడుక్కోడానికి వెళ్లాను. పాప తీసింది. పేలింది."

"పాప తీసింది."

"తీసింది. ఎనిమిదేళ్ల పిల్ల, దానికేం తెలుసు? నేను దాన్నేమీ అనట్లేదు."

"అనట్లేదా? పక్కింటావిడకి చెప్పారు, ఆటో అతనికి చెప్పారు, డాక్టరుకి చెప్పారు. ఇంకెవరున్నారు?"

"అడిగారు, చెప్పాను."

"మంచం మీద ఎందుకు పెట్టారు? ఎప్పుడూ బీరువా మీద కదా పెట్టేది."

"ఇవాళ అలా... ఒంట్లో ఓపిక లేక."

"బీరువా మీదున్నా నాకు గుండె దడే. తాళం పడే పెట్టె తెండి, తెండి అని నోరు పోయేలా మొత్తుకున్నాను."

"తెద్దామనే అనుకున్నా."

"అసలు ఇంటికి తేవడమెందుకు? మీ దుకాణంలో తుపాకులకని ఇనప బీరువా ఉందిగా. మిగతా కాపలావాళ్లు అందులో పెట్టి తాళం వేసేగా ఇళ్లకి పోయేది?"

"వాళ్లవి దుకాణం తుపాకులు. ఇది నా సొంతం."

"సొంతమైతే? అందులో పట్టదా?"

"పడుతుంది."

"మరి?"

"భుజాన వేసుకుని వీధిలో నడిచొస్తుంటే పిల్లలు సెల్యూట్ కొడతారే. మన వాడు గేటు దాకా ఎదురొస్తాడు. దానికోసం. చాలా?"

"చాలు."

"ఏడవకు."

"ఏడవట్లేదు. లోపల తూటా ఎందుకుంది? ఇంట్లో అడుగు పెట్టగానే రెండు గొట్టాలూ ఖాళీ చేస్తారుగా. చేసి, గోడకేసి గురి పెట్టి 'టక్'మనిపిస్తారు. పిల్లలిద్దరూ 'ఖాళీ!' అని అరుస్తారు. రోజూ ఉండే తంతే కదా."

"మరిచిపోయాను."

"రోజూ చేసేదా?"

"మేనేజరు ఫోన్ చేశాడు. ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో... ఒక తూటానే తీశాను. రెండోది ఉండిపోయింది."

"అప్పుడు మంచం మీద పెట్టారు."

"పెట్టాను."

"కాళ్లు కడుక్కోడానికి వెళ్లారు."

"అదేగా ఇందాకట్నుంచీ చెప్తున్నా! నా బుర్ర తినకు."

"మరి బూట్లు?"

"ఏం బూట్లు?"

"మీ కాళ్లకున్నవి. లేసులు బిగించి, ముడి మీద ముడి. అక్కడ బిడ్డ నెత్తురు కారుతుంటే తమరు కూర్చుని లేసులు కట్టుకున్నారా?"

"మెల్లగా మాట్లాడు. ఎస్సై కింద ఉన్నాడు."

"ఉండనీ. నాకు చెప్పండి."

"చూడు, పిల్ల మీద కేసుండదు. తెలియక చేసిందని వదిలేస్తారు. అదే నా మీదైతే ఉద్యోగం పోతుంది, లైసెన్సు పోతుంది, జైల్లో వేస్తారు. మీ ముగ్గురూ ఏమైపోతారు?"

"నొక్కింది మీరు."

"గోడకేసే పెట్టాను. రోజూలాగే. ఖాళీయే కదా అనుకున్నాను. వాడు వంటింట్లోంచి కర్టెన్ తోసుకుని పరిగెత్తుకొచ్చాడే. నేను మొదలెట్టేశానని, 'ఖాళీ' అని తనూ అరవాలని..."

"పాప ఎక్కడుంది అప్పుడు?"

"కిటికీ దగ్గర బొమ్మలేసుకుంటోంది. ఇవాళ దాని చెయ్యి తుపాకీ మీద పడనే లేదు."

"ఇవాళ?"

"అప్పుడప్పుడు... తూటాలు తీసేశాక, సరదాకి, దాని వేలితో నొక్కించేవాణ్ని."

"సరదాకి."

"ఆటోలో దానికి చెప్పాను. ఎవరైనా అడిగితే 'నేనే నొక్కాను' అని చెప్పమ్మా, లేకపోతే నాన్నని పట్టుకుపోతారని. బుద్ధిగా తలూపింది. చిన్నపిల్ల, నాల్రోజులైతే అదే మరిచిపోతుంది."

"నేను దాన్ని కొట్టాను."

"ఎవర్ని?"

"పాపని. చెల్లెలింట్లో. తమ్ముణ్ని పొట్టన పెట్టుకుందామనుకున్నావటే అని రెండు చెంపలూ వాయించాను. ఒక్కసారైనా 'నేను కాదమ్మా' అనలేదు. బుగ్గ పట్టుకుని నిలబడిందంతే. నా చేతులు విరిగిపోను!"

"నువ్వు కొడతావని నేనేమైనా..."

"నువ్వా? నువ్వేం అనుకోలేదులే. నువ్వేనాడు ఏం అనుకున్నావు గనక!"

"బాబు తాలూకు మీరేనా?"

"మేమే సిస్టర్. ఎలా ఉన్నాడు?"

"సీసం గుళ్లు తీసేశారు. ప్రాణానికి భయం లేదు. కాలు సంగతి డాక్టరు గారు రేపు చెప్తారు. ఎస్సై గారు పైకొస్తున్నారట, ఇక్కడే ఉండండి."

"ఉంటాం సిస్టర్. చల్లగా ఉండు తల్లీ... విన్నావా? గండం గడిచింది. వాడు బతికాడే."

"వాడు బతికాడు. ఇక రెండోదాని సంగతి చూడు."

"రెండోదంటే?"

"నీ కూతురు. ఇదిగో ఫోను. ముందు దానికి చెప్పు, తర్వాత ఎస్సైకి చెప్పు."

"చెప్తే నన్ను..."

"తీసుకుపోతారు. పోనీ. పగలూ రాత్రీ మిషను తొక్కి నేను పెంచుకుంటాను. నువ్వు తిరిగొచ్చేదాకా ఎదురు చూస్తాను కూడా. కానీ ఆ పసిదాని నెత్తిన ఇది పెట్టి ఇంటికొస్తే మాత్రం నీ మొహం చూడలేను."

"నేనూ చూసుకోలేనే. ఆటోలో ఆ మాట అంటున్నప్పుడే నా మీద నాకు అసహ్యమేసింది. అయినా అన్నాను. ఇలా ఇవ్వు. కాదు, నువ్వే కలుపు."

"స్పీకర్లో పెట్టాను. మాట్లాడు."

"పాపా? నాన్నని. తమ్ముడికి నయమైపోతుందమ్మా. డాక్టర్లు చెప్పారు."

"నిజంగానా నాన్నా?"

"నిజంగా. ఇప్పుడు నేను చెప్పేది విను తల్లీ. ఆటోలో నీకు చెప్పానే, అది అబద్ధం. తుపాకీ నొక్కింది నేను. నువ్వు ముట్టుకోను కూడా లేదు. తప్పంతా నాన్నది. ఎవరడిగినా అదే చెప్పు. సరేనా? విన్నావా పాపా?"

"విన్నాను."

"మరి అలాగే చెప్తావుగా?"

"నన్ను ఊరుకోబెట్టడానికి అలా అంటున్నావు కదూ నాన్నా? నాకు గుర్తుంది. నేనే నొక్కాను."