మొదటి రూలు కొట్టేసిన మేడమ్‌కి

అధ్యక్షస్థానంలో కూర్చుని, నేను లేచి నిలబడగానే గడియారం మీద ఓ కన్ను వేసి ఉంచిన డైరెక్టర్‌గారికి, ముందు వరుసలోని పెద్దలకి, తలుపు పక్క కుర్చీలను ముందుచూపుతో ఆక్రమించిన మిత్రులకి, ఈ సాయంత్రంతో పదవీ విరమణ చేస్తున్న మా మేడమ్‌కి నమస్కారాలు.

మేడమ్ దగ్గర చేరిన చివరి పరిశోధకుణ్ని నేను. కడగొట్టు సంతానం కదా, ముద్దుగా పెంచి ఉంటారని మీరనుకోవచ్చు. ల్యాబులో నా ముద్దుపేరు 'పెరుగు'. (నవ్వులు) ఆ బిరుదు ఊరికే రాలేదు. నాకు అప్పగించిన ప్రోటీన్, శుద్ధి చేసినంతసేపూ బుద్ధిగా తేటగా ఉండేది. దాచే బఫర్‌లోకి, అంటే ఉప్పునీళ్లలాంటి ద్రావణంలోకి, మార్చి ఫ్రిజ్‌లో పెట్టి, అన్నం తిని వచ్చేసరికి తెల్లగా విరిగి ట్యూబు అడుగున కూర్చునేది. ప్రోటీన్ అంటే పొడుగాటి దారం తనంతట తానే ముడుచుకుని ఓ ఆకారానికి వచ్చినట్టనీ, ఆ మడతలు విడిపోతే ఒకదానికొకటి చిక్కుపడి ముద్దకడతాయనీ మా అమ్మకి ఫోన్‌లో సవివరంగా బోధించాను. అంతా విని అమ్మ, "అంటే పాలు విరిగినట్టేగా? గిన్నె సరిగ్గా కడిగావా నాన్నా?" అంది. అది మొదలు మా ఇంట్లో 'బాగున్నావా' అనే ప్రశ్న పోయి, 'ఇవాళైనా నిలబడిందా' అనేది వచ్చింది. మా పిన్ని అయితే వెనకనుంచి, "లోకంలో అదొక్కటే ఉందా అక్కా? ఇంకో మంచి ప్రోటీన్ చూసుకోమను, వీడికేం తక్కువ!" అనేది.

నవ్వుతున్నారు గానీ, నా ప్రాణం మీదికి వచ్చిన సంగతి అది. మేడమ్ రిటైరయ్యేలోగా థీసిస్ మీద ఆవిడ సంతకం పడకపోతే నన్ను వేరే ల్యాబుకి పంపి, వేరే అంశంతో మళ్లీ ఓనమాలు దిద్దిస్తారు. ఆ వేరే ల్యాబు పెద్దాయన కూడా ఈ సభలోనే ఉన్నారు కాబట్టి, ఆయన చాలా మంచివారని మనవి చేసుకుంటూ ముందుకు సాగుతాను. (నవ్వులు)

మా ల్యాబు తలుపు తీయగానే ఎదురుగోడ మీద మేడమ్ చేతిరాతతో ఓ బోర్డుంటుంది. మొదటి రూలు: 'దాచే ప్రతి బఫర్‌లోనూ ఈడీటీఏ.' తెలియనివారి కోసం చెబుతున్నాను, అది లోహపు అయాన్లను పీత డెక్కతో పట్టినట్టు పట్టుకుని వదలని రసాయనం. ప్రోటీన్లను కొరికి ముక్కలు చేసే ఎంజైముల్లో కొన్నింటికి లోహం లేకపోతే పళ్లే ఉండవు. మేడమ్ చదువుకునే రోజుల్లో అవి వాళ్ల ప్రోటీన్‌ను భోంచేస్తుంటే, ఈడీటీఏతో వాటి పళ్లూడగొట్టి గట్టెక్కారట. రూలు అలా పుట్టింది. దాన్ని అమలు చేసేది మా సీనియర్ అక్క. ఆవిణ్ని హెడ్ కానిస్టేబుల్ అని చాటుగా పిలుచుకుంటాం. అక్కా, నువ్విక్కడే ఉన్నావని తెలుసు. "వేశావా? ఏదీ, చూపించు" అనేది. వేశాను. విరిగినప్పుడల్లా ఏ ఎంజైమో కొరికేస్తోందనుకుని ఇంకాస్త ఎక్కువే వేశాను.

పోయిన చలికాలం, మేడమ్ వెళ్లే రోజు దగ్గరపడుతోందని అక్క సీసాలను అట్టపెట్టెల్లోకి సర్దడం మొదలుపెట్టింది. ఈడీటీఏ ఏ పెట్టెలోకి పోయిందో ఆవిడకే గుర్తులేదు. పెట్టెలన్నీ వెతికేదాకా నా ప్రోటీన్ ఆగేది కాదు. "ఇవాల్టికి లేకుండానే కానియ్‌రా, ఎలాగూ విరిగేదేగా" అని అనుమతి ప్రసాదించింది.

విరగలేదు. మర్నాడు చూసినా తేటగానే ఉంది. నేను సంతోషించలేదండీ, హడలిపోయాను. అసలు ప్రోటీన్ వెయ్యడమే మర్చిపోయానేమోనని! (నవ్వులు)

ఏ ట్యూబునైనా కిటికీ వెలుగుకి ఎత్తి చూశాకే మేడమ్ నోరు విప్పుతారు. చూశారు.

"ఏం మార్చావ్?"

"ఏం మార్చలేదు మేడమ్. ఈడీటీఏ కనబళ్లేదు."

ట్యూబును ఇంకోసారి వెలుగుకి తిప్పి చూశారు. తర్వాత, "పెట్టెలన్నీ విప్పండి. ఇందులో సగం వేరే ట్యూబులోకి తీసి, దాన్లో ఈడీటీఏ వెయ్యి" అన్నారు. వేశాను. మా ముగ్గురి కళ్లముందే ఆ సగం మంచు కమ్మినట్టు తెల్లబడిపోయింది.

నా ప్రోటీన్ మడతల మధ్య ఓ జింకు అయాన్ ఉంది. నాలుగు చేతులు నాలుగువైపుల నుంచి దాన్ని పట్టుకుంటేనే ఆ ఆకారం నిలుస్తుంది. మేం దాన్ని తయారుచేయించే బ్యాక్టీరియాలో పుట్టినప్పుడే ఆ జింకును చంకనెత్తుకుని తెచ్చుకుంది పాపం. మేమేమో రక్షణ పేరుతో రోజూ ఈడీటీఏ వేసి లాక్కుంటున్నాం. విరిగాక జింకు పోసి చూశాను, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. జింకు ఉన్నంతసేపూ చెయ్యి పెట్టలేనంత వేడికి కూడా చెక్కుచెదరదు, అది లేకపోతే గోరువెచ్చదనానికే విడిపోతుంది. ఆ చోట రాగిని కూడా కూర్చోబెట్టి చూశాం. కుర్చీ అదే గానీ కూర్చునే తీరు వేరు, మళ్లీ ముద్దే.

ఇక్కడ నేను మేడమ్‌ను జింకుతోనూ, మమ్మల్ని ప్రోటీన్‌తోనూ పోలుస్తానని ఎదురుచూస్తున్నారు కదూ? పోల్చను. ఉపమానం చెబితే ఆవిడ గ్రాఫ్ ఏదీ అంటారు.

ఆ తర్వాతి సోమవారం అందర్నీ కూర్చోబెట్టి, మేడమ్ స్టూలెక్కారు. "ఈ రూలు నాది. ఒకప్పుడు నన్ను కాపాడింది కదా అని, ఎందుకో చెప్పకుండా అందరి నెత్తినా పెట్టాను. వీడి చేతిలో లోపమేం లేదు" అని మొదటి రూలును అడ్డంగా కొట్టేశారు. ఆ చోట ఏం రాయమంటారని అక్క అడిగితే, "ఖాళీగా ఉండనీ" అన్నారు. ఇప్పటికీ మా ల్యాబులో రూళ్లు రెండో నంబరు నుంచే మొదలవుతాయి.

మూడేళ్లుగా నా చెయ్యే మంచిది కాదనుకుంటూ బతికానండీ. వెళ్లి సింకు దగ్గర ముఖం కడుక్కున్నాను. కంట్లో బఫర్ పడిందని అక్కకి చెప్పాను. ఆవిడ కంట్లో కూడా పడిందట.

ఇవాళ పొద్దున థీసిస్ మీద సంతకం పడింది. ఫోన్ చేశాను. "నిలబడిందా?" అంది అమ్మ అలవాటు కొద్దీ. "నిలబడిందమ్మా, సంతకం కూడా అయిపోయింది" అన్నాను. అవతల ఓ పెద్ద నిట్టూర్పు. తర్వాత, "ఉండు, పిన్నికి చెప్పాలి" అని ఫోన్ పెట్టేసింది.

మేడమ్, పెద్దలిచ్చిన గోడగడియారంతో పాటు నా తరఫున ఈ చిన్న ట్యూబు.

(మేడమ్ దాన్ని దీపం వెలుగుకి ఎత్తి చూసి: "ఇంత తేటగా ఉందేంట్రా? ఇందులో ప్రోటీన్ ఉందా, ఉత్త నీళ్లా?" నవ్వులు, చప్పట్లు)

ఉంది మేడమ్. వచ్చేముందు కొలిచాను. నా మీద నమ్మకం లేక అక్క మళ్లీ కొలిచింది.

ఇంతసేపు ఓపిక పట్టిన డైరెక్టర్‌గారికీ, పెట్టెలన్నీ రెండోసారి సర్దిన అక్కకీ, నన్ను తన ల్యాబులోకి తీసుకోవాల్సిన గండం తప్పించుకున్న ఆ పెద్దాయనకీ కృతజ్ఞతలు. 'పెరుగు' బిరుదు ఇవాళ్టినుంచి ఖాళీ. కొత్తగా చేరేవారు దరఖాస్తు చేసుకోవచ్చు. మేడమ్, మీరు నిశ్చింతగా వెళ్లండి, ట్యూబు మాత్రం ఫ్రిజ్‌లో పెట్టుకోండి. సెలవు.