నొప్పి లేని చోట

మిన్నెసోటాలో ఒక ఆసుపత్రి, కాలిన గాయాల వార్డు. హెల్మర్ రెండు చేతులూ దిండు మీద చాపుకుని మంచం మీద కూర్చున్నాడు. పక్క కుర్చీలో భార్య ఆర్డిస్. డాక్టర్ హోదన్ చక్రాల స్టాండుకి బిగించిన కెమెరాను ఆ చేతుల మీదికి దించుతోంది.

“కదలకండి హెల్మర్ గారూ.”

“కదల్లేదు డాక్టరమ్మా.”

“మాట్లాడినా కదిలినట్టే.”

“మాట్లాడేది ఆర్డిస్.”

“నేనా? నేను నోరే తెరవలేదు!”

“ఇప్పుడు తెరిచావుగా.”

“అయిపోయింది లెండి. ఇదిగో, ఇద్దరూ తెర చూడండి. చర్మం కింద రక్తం బాగా పారుతున్న చోట ఎరుపు. పారడం ఆగిపోయిన చోట నీలం. ఎరుపు దానంతటదే మానుతుంది.”

“ఎర్రగా ఉన్నవి మణికట్లు డాక్టరమ్మా. అన్నీ బొబ్బలు. మొన్నటినుంచీ ప్రాణం తోడేస్తున్నాయి.”

“అవి మంచివి.”

“మంచివా?”

“నొప్పి పుడుతోందంటే కింద ప్రాణం ఉన్నట్టే. ఈ ముంజేతుల లోపలివైపు, తెల్లగా ఉంది చూడండి, ఇక్కడ నొప్పుందా?”

“అస్సల్లేదు. అక్కడ బాగానే ఉంది.”

“అక్కడే బాగాలేదు. మొత్తం నీలం. లోతుగా కాలింది. రేపు తొడ మీది చర్మం తీసి అక్కడ అతకాలి.”

“నొప్పి ఉన్నదానికి ఉత్త కట్టు, లేనిదానికి ఆపరేషనా?”

“అంతే.”

“కెమెరా తిరగేసి పెట్టారేమో చూసుకోండి.”

“హెల్మర్!”

“అడిగానంతే, ఆర్డిస్.”

“ఎలా కాలిందో ఇంకోసారి చెప్పండి హెల్మర్ గారూ.”

“చెప్పాగా. గడ్డకట్టిన లేక్ మీద, చేపలకి గాలం వేసుకునే గుడిసెలో ఉన్నాను. కిందంతా మంచుగడ్డ. కాలు జారి స్టవ్ మీద పడ్డాను.”

“పడ్డవాళ్లు వెంటనే చెయ్యి లాగేసుకుంటారు. ఇంత లోతు కాలదు. పైగా రెండు చేతులకీ ఒకటే మచ్చ, ఒకటే వంపు. ఈ రెండు బొమ్మలూ పక్కపక్కన పెడితే మీకేం కనిపిస్తోంది?”

“టీవీలో వాతావరణం మ్యాపు.”

“నాకు కనిపిస్తోంది డాక్టర్. గుండ్రంగా ఉంది. హెల్మర్, నువ్వు స్టవ్‌ని వాటేసుకున్నావు.”

“ఎత్తాను.”

“మండుతున్నదాన్నా? ఎందుకు?”

“బయట పారెయ్యడానికి.”

“గుడిసె పోతే పోనీ, నువ్వు బయటికి రావచ్చుగా! ఎదురుగా తలుపు!”

“నేను రావచ్చు.”

“అంటే?”

“డాక్టరమ్మా, రేపు ఆపరేషన్ ఎన్నింటికి?”

“పొద్దున్నే. ముందు ఆవిడకి జవాబు చెప్పండి.”

“ఆయనేం చెప్తాడు డాక్టర్. నిన్న మన గుడిసెకి వెళ్లానయ్యా, నీ సామాన్లు తెద్దామని. మన స్టవ్ ఎక్కడిదక్కడే ఉంది. దాని మీద నీ కాఫీ గిన్నె కూడా. నువ్వే చెప్తావని ఊరుకున్నాను. ఎవరి గుడిసె అది?”

“పక్కది.”

“పక్కది మా తమ్ముడు వెర్లిన్‌ది.”

“అయ్యుండొచ్చు.”

“వాడితో నువ్వు మాట మానేసి ఏళ్లయింది!”

“ఎందుకు మానేశారు?”

“ఇద్దరి గాలాలకీ ఒకే చేప పడింది డాక్టర్. ఎవరిదో ఇంకా తేలలేదు.”

“తేలింది. నాదే.”

“నువ్వాగు. వాడి గుడిసెలోకి ఎందుకెళ్లావ్?”

“వాడి కిటికీలోంచి మంట కనబడింది, స్టవ్ మొత్తం అంటుకుంది. మీవాడు మధ్యాహ్నం తిని పడుకుంటాడుగా. కేకేశాను, లేవలేదు. కుదిపాను, లేవలేదు. లాగుదామంటే వాడి బరువు నీకు తెలుసు. స్టవ్ తేలిక.”

“వాడు లేవనేలేదా?”

“అటు తిరిగి పడుకున్నాడు. పొగ పోయేదాకా తలుపు తీసి ఉంచి, దుప్పటి కప్పి వచ్చేశాను. చలేస్తే తనే లేస్తాడని.”

“వాడికొక్క మాట చెప్పలేదా?”

“మాటల్లేవుగా.”

“అయ్యో దేవుడా... పొద్దున వాడు నాకు ఫోన్ చేశాడయ్యా. తన స్టవ్ ఎవడో ఎత్తుకెళ్లి మంచులో పారేశాడట. నువ్వేనట. మా ఆయన అలాంటివాడు కాదని నాలుగు తిట్టి పెట్టేశాను.”

“మళ్లీ చెయ్యి.”

“చేసి ఏం చెప్పను?”

“ఈసారికి వాడిదే కరెక్టని చెప్పు.”