చెట్టు నిలబడాల్సిన చోటు

"ఆ చెట్టు ఇక్కడికి ఎలా వచ్చింది, గేలెన్? అడగడం ఇది రెండోసారి."

అమెరికాలో ఉత్తర మిన్నెసోటా. ఫిబ్రవరి శనివారం, ఏటేటా జరిగే చేపల పోటీ ముగియబోతున్న వేళ. గడ్డకట్టిన సరస్సు మీద, జనానికి దూరంగా ఒక గుడారం: లోపల గేలెన్, గుమ్మంలో అతని పెద్దమ్మ ఆర్లిస్, బయట ఒక వాడిన క్రిస్మస్ చెట్టు.

"ముందు లోపలికి రా పెద్దమ్మా. ఆ తెర దించు, వేడంతా పోతోంది."

"పోనీ. చెట్టు సంగతి చెప్పు."

"చెబుతాలే. ముందు ఈ బకెట్లోకి చూడు. చూశావా? పదిహేను అంగుళాలు! పెర్చ్ చేప ఇంత పెరుగుతుందంటే ఎవరైనా నమ్ముతారా? ఆ ముసలి రేనో తను పట్టిన పాత చేపని గోడకి బిగించుకుని మురిసిపోతున్నాడే, అది దీని ముందు పిల్ల."

"చూశాను. పెద్దదే. తూకం వేసేది నేనే కనుక, కాదనను."

"ఎలా పట్టానో అడగవేం?"

"అడగకపోయినా చెబుతావు."

"అందరూ ఏం చేస్తారు? మంచులో బొక్క వేసి గాలం దించగానే పైన తిరిగే బుడతల్ని లాగేసి చంకలు గుద్దుకుంటారు. నేనలా కాదు. సీసపు గుండు అడుగుదాకా వదులుతాను. బురదలో టప్, టప్, టప్. బురద పొగలా లేస్తుంది, దాంతో ఎర్రపురుగులూ లేస్తాయి. చిన్నవి ముందు ఎగబడతాయి. ఆశపడకూడదు. ఎర కాస్త పైకి లాగి ఆడిస్తూ ఊరుకోవాలి. అవి అలిసి చెదిరిపోయాక వస్తుంది పెద్దది. తొందరుండదు దానికి. పెళ్లికి ఆఖర్న వచ్చి ముందు వరసలో కూర్చునే పెద్దావిడలాగా వస్తుంది."

"ఆ బురద కొట్టడం నీకు నేర్పిందెవరు?"

"అదా... రేనోనే అనుకో."

"అనుకోనక్కర్లేదు. రేనోనే."

"ఎప్పటి మాట! ఇప్పుడు నాదే పైచేయి. ఇంతకీ మహానుభావుడేడీ? పొద్దుట్నుంచీ ఒక్క గాలం వేసినట్టు లేదు. దుర్భిణితో చూశాను, గుడారం ఖాళీ. నా చేప సంగతి తెలిసి దుప్పటి కప్పుకున్నాడేమో."

"రేనో దగ్గరికి తరవాత వద్దాం. చెట్టు."

"అబ్బబ్బ, చెట్టు, చెట్టు! పండగయ్యాక ఊరంతా తిరిగి, పారేసిన చెట్లన్నీ పోగుచేసి సరస్సు మీద పాతేది నువ్వే కదా. ఏ గాలికో కొట్టుకొచ్చి ఉంటుంది."

"గాలికి కొట్టుకొచ్చిన చెట్టు పడి ఉంటుంది. ఇది నిలబడి ఉంది."

"అయితే ఎవరో..."

"నీళ్లు నమలకు. బర్మాతో మంచు తొలిచి బొక్క వేయాలి. చెట్టు మొదలు అందులోకి దింపాలి. చుట్టూ మంచు కూరి నీళ్లు పోయాలి. అది బిగిసేదాకా పట్టుకుని నిలబడాలి. గాలికి చేతులుండవు, గేలెన్."

"సరే, నేనే పెట్టాను. చాలా? మా ఇంటి చెట్టే. ఇంట్లోంచి తెచ్చుకుని నా గుడారం పక్కన పెట్టుకున్నా. అదీ తప్పేనా?"

"తప్పే. ఈ సరస్సు మీద చెట్టుకి ఒక్కటే అర్థం: ఇక్కడ మంచు పలచన, దగ్గరికి రాకు. నీ గుడారం కింద మంచు ఎంత మందం?"

"రెండడుగుల పైనే."

"లారీ తోలుకోవచ్చు. మరి చెట్టెందుకు?"

"జనం రాకుండా! ఒకడికి పెద్ద చేప పడిందని తెలిస్తే చాలు, ఈగల్లా మూగుతారు. చుట్టూ బొక్కలు, బూట్ల దడదడ, రేడియో పాటలు. పెద్ద చేప అంత రభసలో ఉంటుందా? అదే చెట్టు చూశారనుకో, అటునుంచటే తప్పుకుంటారు. ఎవరికీ నష్టం లేని చిన్న ఉపాయం."

"ఎవరికీ నష్టం లేదు."

"లేదు."

"చెట్టు మీ ఇంటిదే."

"ఎన్నిసార్లు చెప్పను?"

"మీ ఇంట్లో ఉన్నది ప్లాస్టిక్ చెట్టు. రాలిన ఆకులు ఊడవలేక నీ భార్య లోర్నా నాతోనే కొనిపించింది."

"అబ్బ, అది కూడా గుర్తుందా నీకు?"

"ఈ చెట్టు పై కొమ్మకి వెండి రిబ్బను ముక్క ఉంది. హాఫ్‌స్టాడ్ వాళ్లింటి చెట్టు ఇది, వాళ్ల చిన్నపిల్ల వేసిన ముడి. విప్పబోతే ఏడ్చింది, అలాగే వదిలేశాను. ఆ ముడితో సహా దీన్ని నేను పాతింది వాగు వచ్చి సరస్సులో కలిసే చోట. కింద నీటి ఉరవడి మంచుని తినేసే చోట. నేను చెప్పింది తప్పయితే చెప్పు."

"...సాయంత్రం మళ్లీ అక్కడే పెట్టేద్దామనుకున్నా. ఒట్టు."

"ఎప్పుడు పీకావు?"

"తెల్లవారుతూండగా."

"నిన్న కురిసిన మంచుతో వాగూ సరస్సూ ఒకటే తెలుపు. అది చూస్తూనే పీకావు."

"అటెవరూ వెళ్లరు పెద్దమ్మా! వాగు నోటి దగ్గర మంచు పలచన అని ఊరందరికీ తెలుసు."

"ఊరివాళ్లకి తెలుసు. పోటీ చూడ్డానికి అవతలి ఒడ్డునుంచి మంచుబళ్ల మీద వచ్చేవాళ్లకి వాగెక్కడో ఏం తెలుసు? వాళ్లకి తెలిసింది చెట్టొక్కటే."

"అంటే... పెద్దమ్మా, ఏమైనా అయిందా?"

"ఇప్పటికి అడిగావు."

"చెప్పు! ఎవరు... లోర్నా అవతలి ఒడ్డుకి వాళ్లక్క దగ్గరికెళ్లింది. తూకం వేళకి వస్తానంది. పెద్దమ్మా, లోర్నాయేనా?"

"లోర్నా కాదు. లోర్నా అయితేనే నష్టమా?"

"అలా అనలేదు..."

"మొహం చూస్తే తెలుస్తోంది. వచ్చింది ఎవరో బయటివాళ్లు. మూడు బళ్లు, బారుగా. ముందు బండి మీద ఒక తండ్రి, అతని వెనక ఇద్దరు పిల్లలు. నేరుగా వాగు నోటి మీదికే."

"పడ్డారా? ఒక్క ముక్క చెప్పు పెద్దమ్మా, పడ్డారా?"

"పడలేదు."

"హమ్మయ్య... హమ్మయ్య. చూశావా మరి? ఏం కాలేదు కదా. ఊరికే గుండెలు జారిపోయేలా..."

"ఏం కాలేదు కదా! ఎందుకు కాలేదో అడగవా? నీ చేప ఎలా పడిందో అడగమన్నావే. ఇదీ అడుగు."

"ఎందుకు కాలేదు?"

"చెట్టు లేని చోట ఒక మనిషి ఉన్నాడు కనుక. కోటు విప్పి చేత్తో ఊపుతూ, గొంతు పోయేలా అరుస్తూ ఎదురొచ్చాడు. బళ్లు ఆగాయి. ఆ తండ్రి తూకం పాకకి వచ్చి చెప్పేదాకా నాకు తెలియదు. ఒక చెట్టు తగ్గిందంటే మరోచోట ఎక్కువై ఉండాలి. అందుకే ఇటొచ్చాను."

"ఆ మనిషి ఎవరు?"

"పొద్దున్నే తన గుడారానికి వెళ్తూ చెట్టు లేకపోవడం చూశాడు. వదిలి వెళ్తే ఈలోగా ఎవరొస్తారోనని కదల్లేదు. నేను ఇద్దరిని పంపాను, వాళ్లు కాస్తారు, నువ్వు వచ్చేయమని. రానన్నాడట. 'మనిషి ఊరికే నిలబడితే చేపలు పడుతున్నాడనుకుని ఇంకా దగ్గరికొస్తారు, అరుస్తూ ఎదురెళ్లాలి. చెట్టు రావాలి, అప్పుడే కదులుతాను' అన్నాడట. ఒక్క గాలం వేయలేదు ఇవాళ. నీ దుర్భిణి ఖాళీ గుడారం మీంచి కాస్త పక్కకి తిప్పి ఉంటే నీకే కనిపించేవాడు."

"...రేనో."

"రేనో."

"ఈ చలిలో. ఆ అరిగిన మోకాళ్లతో."

"ఆ మోకాళ్లతోనే. ఇప్పుడు నీ చేప మాట. అది ఏ తప్పూ చేయలేదు. పోటీ ముగిసేలోగా నీ చేత్తో తెచ్చి తక్కెడలో వేస్తే, ఉన్న బరువు ఉన్నట్టే పలక మీద రాస్తాను. కప్పు నీదే. తూకం పాక ఇటు, వాగు నోరు అటు. రెండూ చేసేంత పొద్దు లేదు."

"బకెట్ ఇక్కడే ఉండనీ. ఆ బర్మా ఇలా అందించు."

"గొడ్డలి కూడా తీసుకో. మొదలు గట్టిగా బిగిసింది. పాతింది నువ్వేగా, పనితనం బాగానే ఉంది."

"దెప్పు, దెప్పు. పడతాను... పెద్దమ్మా."

"ఏమిటి?"

"రేనో మొహం చూసి ఏం చెప్పను?"

"నేను గుమ్మంలో నిలబడి అడిగిన మొదటి మాటకి జవాబు. ఆ జవాబు వినాల్సింది నేను కాదు, అతను."

ఇది చదివిన మీరు కూడా, మీ సౌకర్యం కోసం ఇతరుల దారిలోని హెచ్చరికను ఎన్నడైనా పీకి ఉంటే, వెళ్లి దాన్ని తిరిగి పాతి, అది బిగిసేదాకా ఆ చోట మీరే నిలబడండి.