దారం మీద ఖాళీ ముడి

వేదిక మీద ఉన్న హెన్రీ అయ్యగారికి, సమాధానం సారుకు, వాకాడు నుంచి, అల్లూరు నుంచి ఎండనపడి వచ్చిన అమ్మలకు, అన్నలకు, ఈ లెన్సుల షెడ్డులో నాతో పాటు పనిచేసే వాళ్ళందరికీ నమస్కారం.

ఆనందకుమారి గారు మనల్ని వదిలిపోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు. ఆనందకుమారి గారు అనడానికి నాకు నోరు తిరగడం లేదు. పద్దెనిమిదేళ్ళుగా ఆనందక్కా అనే పిలిచాను. ఇవాళ కూడా అట్లాగే పిలుస్తాను. సమాధానం సారు ఆమె భర్తే అయినా, ఆయన కూడా మా ముందు ఆమెను 'మీ ఆనందక్క' అనే అనేవారు.

ఇంతమంది వస్తారనుకోలేదు. రెండొందల కుర్చీలు తెప్పిస్తే చాలలేదు, వెనక చాలామంది నిలబడే ఉన్నారు. మన్నించండి. ఇక్కడి నుంచి చూస్తే మీలో సగం మంది ముక్కుల మీద ఉన్న కళ్ళజోళ్ళు మా షెడ్డువే. ఎవరి ఫ్రేము వంకరగా ఉందో కూడా నాకు కనిపిస్తోంది. అక్క ఉంటే ఈపాటికి సభ ఆపి, దిగొచ్చి, ఒక్కొక్కరిదీ సరిచేసి, పైగా నాలుగు చీవాట్లు కూడా పెట్టి ఉండేది.

నా పేరు పెంచలప్రసాద్. వాకాడు దగ్గర వరి పండించే ఇంట్లో పుట్టాను. ఇక్కడ లెన్సులు అరగదీసే మిషన్ల మీద పని చేస్తాను. మొన్న ఆదివారం సమాధానం సారు నన్ను పిలిచి, ఇక షెడ్డు నువ్వే నడపాలని తాళాలు ఇవ్వబోయారు. నేను తీసుకోలేదు. సభ అయ్యాక మాట్లాడదాం సారూ అన్నాను. ఆయన నేను మొహమాటపడుతున్నాను అనుకున్నారు. మొహమాటం కాదు. ఆ తాళాలు ముట్టుకునే ముందు మీ అందరి ముందూ చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. పదకొండేళ్ళు దాచుకున్నాను. ఆనందక్కకు కూడా చెప్పలేదు. ఆ మాట చెప్పకుండా ఆమెను ఎంత పొగిడినా అది అబద్ధమే అవుతుంది.

చెప్తాను. కాని ముందు ఆమె ఎట్లాంటి మనిషో చెప్పాలి. అది తెలిస్తేనే నేను చేసింది ఎంత పనో మీకు తెలుస్తుంది.

మీలో కొత్తవాళ్ళకు తెలియకపోవచ్చు. ఆనందక్క తొమ్మిదేళ్ళు ఈ సూళ్లూరుపేట నుంచి తెల్లారి రైలెక్కి మద్రాసు పోయి, అక్కడొక లెన్సుల కంపెనీలో పాలిష్ పని చేసింది. ఆ సెక్షన్లో ఆడమనిషి ఆమె ఒక్కతే. తొమ్మిదేళ్ళ తర్వాత అక్కడ మూలపడేసిన రెండు మిషన్లు తెచ్చి రైలు కట్ట పక్కన రేకుల షెడ్డులో పెట్టింది. చేపలు, వడ్లు తప్ప ఇక్కడ ఏం వ్యాపారం నడుస్తుందని ఊరంతా నవ్వారు. అప్పుడామె అన్న మాట సారు ఇప్పటికీ చెప్తుంటారు. "శ్రీహరికోటలో రాకెట్ లేస్తే అందరం మేడలెక్కి చూస్తాం గదా. ఆ చూసే కళ్ళకి అద్దం ఇక్కడ ఎందుకు చేసుకోకూడదు?" అనిందట. నవ్విన వాళ్ళలో చాలామంది తర్వాత మా దగ్గరే కళ్ళజోళ్ళు చేయించుకున్నారు. పేర్లు చెప్పను, కొందరు ముందు వరుసలోనే ఉన్నారు.

నేను పనికి వచ్చిన రోజు చెప్తాను. ఐటీఐ కాగితాలు చేతిలో పట్టుకుని వచ్చాను. అక్క వాటి వంక చూడనే లేదు. ఒక లెన్సు నా చేతికిచ్చి, దాంట్లోంచి ఆ కిటికీ ఊచను చూస్తూ లెన్సును పక్కకు జరపమంది. ఏం కనిపించిందని అడిగింది. నాకంటే ముందు వచ్చిన వాళ్ళు ఊచ పెద్దగా కనిపించిందన్నారట. నేను, నా చెయ్యి కుడికి పోతే ఊచ ఎడమకు పోతోందని చెప్పాను. దగ్గరి చూపు లెన్సుకు అదే గుర్తు. నాకు ఆ సంగతి తెలియదు, కనిపించింది చెప్పానంతే. "నీకు చూడడం వచ్చు ప్రసాదూ. మిగతాది నేను నేర్పిస్తా," అనింది. ఎవరైనా నన్ను చూసి నీకిది వచ్చు అనడం అదే మొదటిసారి. మా నాన్న పెంచలయ్య కూడా ఎప్పుడూ అట్లా అనలేదు, నాటు సరిగ్గా వెయ్యలేదని తిట్టడం తప్ప.

పనంటే ఆమెకు అంత పిచ్చి. హెన్రీ అయ్యగారు అప్పుడే నవ్వుతున్నారు, నేనేం చెప్పబోతున్నానో ఆయనకు తెలుసు. ఒక ఆదివారం చర్చిలో అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నారు. అక్క మాత్రం ఒక కన్ను తెరిచి చూసింది. అయ్యగారి కళ్ళజోడు ఎడమవైపు జారి ఉంది. ఆమేన్ అనేదాకా కూడా ఆగలేకపోయింది. మెల్లగా ముందుకు పోయి, అయ్యగారి ముక్కు మీద నుంచి జోడు తీసి, కాడ వంచి, కొంగుతో తుడవబోయి, కొంగుతో తుడవకూడదని తానే అందరికీ చెప్తుంది కాబట్టి సంచిలోంచి మెత్తటి గుడ్డ తీసి తుడిచి, మళ్ళీ పెట్టింది. అయ్యగారు ప్రార్థన ఆపలేదు. కాని ఆ రోజు ప్రార్థన చాలా తొందరగా అయిపోయిందని, అదే చర్చికి పోయే సుభాషిణమ్మ ఇప్పటికీ చెప్తుంది.

ఇక ఈ దారం సంగతి. నా వెనక కిటికీకి ఈ చివర నుంచి ఆ చివరకు గాలపు దారం కట్టి ఉంది, చూడండి. దాని మీద వేలాడుతున్నవన్నీ మేం చెడగొట్టిన లెన్సులు. ఎక్కడైనా చెడిన లెన్సును బుట్టలో పడేస్తారు. ఇక్కడ అట్లా కుదరదు. ఎవరు చెడగొడితే వాళ్ళు దాని అంచున బెజ్జం వేసి, పొద్దున పని మొదలయ్యే ముందు అందరి ఎదుట ఈ దారానికి కట్టాలి. ఏం తప్పు చేశారో ఒక్క మాటలో చెప్పాలి. అంతే. తిట్లు లేవు, జీతం కోత లేదు. మొదటి అయిదు లెన్సులూ అక్కవే. కొత్తగా వచ్చిన వాళ్ళకు ముందు ఆ అయిదింటినే చూపించేది.

ఆ దారానికి నేనూ చాలా కట్టాను. గీత పడినవి, పగిలినవి, మందం ఎక్కువైనవి. కట్టాల్సినది ఒకటి మాత్రం కట్టలేదు.

పదకొండేళ్ళ కిందట వాకాడు వైపు కంటి పరీక్షల శిబిరం పెట్టారు. కళ్ళజోళ్ళు మనవే. ఆ సోమవారమే అక్క నన్ను మిషన్ల సెక్షన్‌కి పెద్దను చేసింది. గురువారం నా చేతికి వచ్చిన వాటిలో ఏడు జతలు వాలు పవర్‌వి. కొందరి కళ్ళకు పవర్ ఫలానా వాలులోనే పడాలి, ఎన్ని డిగ్రీలో డాక్టరు చీటీ మీద రాస్తారు. లెన్సుకు ముందు వైపు గుర్తు పెడతాం, లోపలి వైపు అరగదీస్తాం. లెన్సును తిప్పేసరికి వాలు కూడా తిరుగుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఈ షెడ్డులో మొదటి వారమే నేర్పే సంగతి ఇది. ఆ రోజు పెద్దరికం తలకెక్కి, గబగబా చేస్తూ నేనది మర్చిపోయాను. కుడికి వాలాల్సింది ఎడమకు వాలింది. పవర్ చూసే మిషన్ మీద కూడా లెన్సును తిరగేసి పెట్టాను. రెండు తప్పులూ కలిసి అంతా సరిగ్గా ఉన్నట్టు చూపించాయి.

మా షెడ్డు నుంచి పోయే ప్రతి జతనూ ఆఖరున అక్క చూడాలి. జ్వరం వచ్చినా, చుట్టాలొచ్చినా చూసేది. ఆ రోజు పెట్టెలు కట్టే తొందరలో, "నువ్వు చూసినావు గదా, ఇంక నేను చూసేదేముంది," అనింది. ఆమె అట్లా వదిలేసింది ఆ ఒక్కసారే. నన్ను నమ్మింది.

మర్నాడు పొద్దున అదే పని మొదలుపెడుతుంటే నా చెయ్యి ఆగిపోయింది. ఏం చేశానో తెలిసిపోయింది. పెట్టెలు అప్పటికే వెళ్ళిపోయాయి. ఒక్క ఫోన్ చేస్తే ఆగేవి. చెయ్యలేదు. పెద్దనై నాలుగు రోజులే అయింది, అందరి ముందూ ఏ ముఖం పెట్టుకుని కట్టాలి? అలవాటైపోతుందిలే అనుకున్నాను. కళ్ళకు తప్పుడు అద్దం అలవాటవుతుందని, లెన్సులు చేసే నేను, నాకు నేనే చెప్పుకున్నాను.

ముందు వరుసలో ఆదిశేషమ్మ గారున్నారు. అమ్మా, ఆ ఏడు జతల్లో ఒకటి మీది. మీరప్పుడు రొయ్య పిల్లల హేచరీలో పని చేసేవారు. తెల్ల గిన్నెలో, వెంట్రుక ముక్కంత ఉండే పిల్లల్ని కంటితో చూసి లెక్క చెప్పేవారు. ఆ జోడు పెట్టుకున్నాక నేల ఒక పక్కకు ఒరిగినట్టుండేదని, తలనొప్పితో వాంతులయ్యేవని, లెక్క తప్పుతున్నారని పనిలోంచి తీసేశారని మీరే తర్వాత చెప్పారు. మీ కళ్ళే పోయాయని అనుకున్నారు. నెల రోజులు అట్లా అనుకుంటూ ఇంట్లో కూర్చున్నారు. ఆ నెలంతా నేను ఇక్కడ వేళకు అన్నం తిని, పని చేసుకుని, ఇంటికి పోయాను.

ఇచ్చిన నెలకు పోయి జోళ్ళు ముఖాల మీద ఎట్లా ఉన్నాయో చూసి రావడం అక్కకు అలవాటు. మీ ఇంట్లో జోడు గూట్లో పడి ఉండడం చూసి తెచ్చింది. మిషన్ మీద పెట్టింది, కనిపెట్టింది. మిగతా ఆరు ఇళ్ళకూ బస్సుల్లో తిరిగింది. ఏడు జతలూ తన చేత్తో మళ్ళీ చేసింది. హేచరీ దాకా వచ్చి, ఈమె కళ్ళు నిక్షేపంగా ఉన్నాయి, చెడింది మా లెన్సు అని అందరి ముందూ చెప్పి, మిమ్మల్ని మళ్ళీ పనిలో కూర్చోబెట్టి వచ్చింది.

వెనక్కి తెచ్చిన ఏడు జతల్లో పద్నాలుగు లెన్సులుండాలి. విప్పి పళ్ళెంలో పెట్టింది. ఎవరూ లేనప్పుడు నేనొకటి తీసి చూస్తుంటే అడుగుల చప్పుడైంది. జేబులో వేసుకున్నాను. పళ్ళెంలో పదమూడు మిగిలాయి. ఏదీ ఆ ఒక్కటి అని ఆమె ఎవర్నీ అడగలేదు.

మర్నాడు పొద్దున ఒక లెన్సు దారానికి కట్టి, "ఏడు జతలు తప్పు పోయినాయి. చూడకుండా పంపింది నేను. ఇది నాది," అనింది. నా వైపు చూడలేదు. తర్వాత దాని పక్కనే ఇంకో ముడి వేసింది. ఆ ముడికి ఏమీ కట్టలేదు. అక్కా, అదెందుకని ఎవరో అడిగితే, "ఉండనీ, పనికొస్తుంది," అనింది.

ఆమెకు తెలుసు. పదకొండేళ్ళుగా తెలుసు. ఆ తర్వాత ఎన్నో లెన్సులు ఆ ముడి దాటి కట్టాం. రెండుసార్లు దారం పాతబడితే మార్చాం. రెండుసార్లూ అన్నీ వరసగా కట్టి, ఆ ముడి ఖాళీగానే వేసింది. నన్ను ఒక్క మాట అనలేదు. పెద్దరికం తీసేయలేదు. నేను చెప్తానని ఎదురుచూసింది. నేనే ఆలస్యం చేశాను. అక్కా, చాలా ఆలస్యం చేశాను.

ఆరేళ్ళ కిందట ఆదిశేషమ్మ గారు తన కూతురు రేవతిని తెచ్చి ఇక్కడ పనిలో చేర్చారు. తప్పు చేస్తే ఇంటికొచ్చి చెప్పే వాళ్ళ దగ్గర నా బిడ్డ పని నేర్చుకోవాలి అన్నారు. ఆ మాట విన్న రోజు నాకు ముద్ద దిగలేదు. ఆ రేవతి ఇప్పుడు మా అందరికంటే బాగా చూస్తుంది. మొన్న నేను చేసిన రెండు లెన్సులు వెనక్కి పంపింది. రెండూ నిజంగా చెడినవే. ఆఖరున ప్రతి జతనూ చూసే కుర్చీ రేవతికే ఇవ్వాలని అక్క ఆసుపత్రిలో మంచం మీద నుంచి చెప్పింది. రేపటి నుంచి రేవతి చూడకుండా ఇక్కడి నుంచి ఒక్క జత పోదు. నేను చూశానని చెప్పినా సరే, నువ్వు చూడాలి రేవతీ. ముఖ్యంగా నేను చెప్పినప్పుడు చూడాలి.

పదిహేను మందిమి ఉన్న చోట ఇప్పుడు నలభై మందిమి ఉన్నాం. కొత్త మిషన్లు వచ్చాయి, ఇంకా వస్తాయి. అక్క లేకపోతే ఈ షెడ్డు మూతపడుతుందని బజారులో అంటున్నారట. పడదు. తప్పును కిటికీకి కట్టి వెలుతురులో చూసుకునే అలవాటు ఉన్నంత కాలం పడదు.

సమాధానం సారూ, తాళాలు ఎవరికివ్వాలో ఇప్పుడు చెప్పండి. ఆదిశేషమ్మ గారూ, రేవతీ, మీరూ ఆలోచించి చెప్పండి. మీరు ఏమన్నా ఒప్పుకుంటాను. వద్దంటే రేపు పొద్దున మిషన్ దగ్గరికే పోతాను, పనైతే మానను.

ఆ పద్నాలుగో లెన్సు ఇదే. మా ఇంట్లో పెళ్ళి బట్టల కింద ఉండేది. నిన్న దీని అంచున బెజ్జం వేశాను. మా నియమం ప్రకారం ఒక్క మాటలో చెప్పాలి. వాలు తిప్పి అరగదీశాను, తెలిసీ చెప్పలేదు. ఇది నాది.

నిలబడగలిగిన వాళ్ళందరూ దయచేసి లేచి నిలబడండి. కిటికీ దగ్గరున్న వెన్నెలా, ఆ తలుపులు పూర్తిగా తెరువమ్మా. నేనీ లెన్సు అక్క పక్కన కట్టి వచ్చేదాకా అందరం మౌనంగా ఉందాం. గాలపు దారం సన్నం. కొంచెం సేపు పట్టొచ్చు, ఓపిక పట్టండి.