మస్కట్‌ల పాట, ఇంట్ల గుర్రు

మీ తాత పాటలా? నీకెవలు చెప్పిండ్రే శ్వేతా? కూసో మరి. మీ తాత మస్కట్‌ల మేస్త్రీ పని చేసేటోడు. అప్పుడు ఫోన్లెక్కడియి? మాటలన్ని క్యాసెట్ల నింపి, ఊరికచ్చేటోళ్ల చేత పంపేది. ఓ దిక్కు మాటలు, ఓ దిక్కు పాటలు, అన్ని సొంతంగ కట్టినయే. అండ్ల నేనెవలనుకున్నవ్? ఎన్నెలను! నా నవ్వు మక్కకంకి, నా నడక గోదారట. ఇంట్ల ఉన్నన్నాళ్లు ‘ఏమే, సచ్చినవా, నీళ్లేవి?’ అన్న మనిషే! వాడకట్టు ఆడోళ్లంత టేప్‌రికార్డర్ సుట్టు కూసుందురు. పక్కింటి శంకరవ్వ ముక్కు చీదుకుంట, ‘ఎంత నసీబే మొగిలీ నీది! మా ఆయన క్యాసెట్ల గూడ దగ్గుడే పంపిండు’ అనేది.

మురిసిపోయి, ఇగ చాలు రమ్మని నేను గూడ క్యాసెట్ నింపి పంపిన. అచ్చిండు. అచ్చి ఏం జేసిండు? బువ్వ తిన్నడు, మంచమెక్కిండు, గుర్రు! పాడుమంటే, ఎండలకు గొంతు పోయిందంటడు. ‘మస్కట్‌ల మంచు కురిసిందా?’ అన్న. ఓనాడు నన్ను ఎదురుంగ కూసోవెట్టుకొని ‘ఎన్నెలమ్మా...’ అని ఎత్తుకున్నడు. నా మొకం జూసిండు. ఆగిండు. ‘నువ్వు జర అవతలికి పోరాదు?’ అన్నడు!

నేనెందుకు పోత? ఆయన్నే ఎల్లగొట్టిన, కోరుట్లల వాళ్ల అక్కింటికి. ఒక్క పాదం తెచ్చిండు, అది గూడ అక్క వండిన బోటికూర మీద. సిరిసిల్లకు తోలితే, మా తమ్ముడు బట్టలు నేసే సాంచెల ఖార్ఖానల కూసోని రెండు పాదాలు కట్టిండు. ‘దూరం పెరిగినకొద్ది పాట పెరుగుతున్నదే!’ అన్నది శంకరవ్వ. దాని నోరు వడ, గా మాటే కొంప ముంచింది. ‘మొగిలీ, మల్ల మస్కట్ పోత. గీడుంటే నేను ఉత్త మేస్త్రీనే’ అన్నడు. కండ్లల్ల నీళ్లు. నవ్వులాట గాదని గప్పుడు ఎరుకైంది నాకు. ఆయన రంది, గా బెంగ, నా మీద గాదు బిడ్డా, నా మీద పెట్టుకున్న రంది మీదనే రంది!

నేనూరుకుంటనా? పాస్‌పోర్ట్ నా పెట్టెల వెట్టి తాళమేసిన. ‘పెండ్లి నిన్ను చేసుకున్న, పాటను గాదు’ అన్న. కొట్లాడిండు, అలిగిండు, ఉండిపోయిండు. సచ్చేదాక ఇంకో పాదం కట్టలే. గుర్రు మాత్రం ఒక్క పూట తప్పలే. ఇప్పుడు గూడ అడుగు, గట్లనే తాళమేస్త.

మొన్న ఒక్కదాన్నే కలుపు తీస్తుంటే, ఏందో నోట్లెకచ్చింది. నేనెన్నడన్న పాడినదాన్నా? ‘మంచమంత నాదాయె మామా, మూలకే నేనొదుగుతి...’

ఏందే గట్ల జూస్తవ్? లెవ్వు, బర్రె ఎండల నిలవడ్డది, నీడకు కట్టు పో.